జిమ్ థోర్ప్: వేసవిలో బేస్‌బాల్ ఆడినందుకు ఒలింపిక్ పతకాలు పోగొట్టుకున్న వీరుడు

1913 జనవరి నాలుగో వారంలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణం నుంచి వెలువడే ఒక దినపత్రిక జిమ్ థోర్ప్ గురించి ఒక కథనం వేసింది. అప్పటికి అమెరికాలో అతని పేరు వినని వాళ్లు తక్కువ. ఆరు నెలల ముందే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచి వచ్చాడు. న్యూయార్క్ నగరం అతన్ని బ్రాడ్‌వే మీద ఊరేగించింది. అంతటి వీరుడు 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్నది ఆ కథనం సారాంశం. అప్పట్లో ఒలింపిక్స్ అమెచ్యూర్లకే పరిమితం. ఏ ఆటలోనైనా ఒక్క డాలర్ సంపాదించినా ఆటగాడు అనర్హుడే.

రోజుల వ్యవధిలోనే థోర్ప్ పతకాలు వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. రికార్డుల్లోంచి పేరు కొట్టేశారు. అతన్ని ఫుట్‌బాల్‌లో, ట్రాక్‌లో ఆడించి పేరూ డబ్బూ గడించిన విద్యాసంస్థ మాత్రం తమకేమీ తెలియదని చేతులు దులుపుకుంది. అతని కోచ్‌కు ఉద్యోగం పోలేదు. అమెరికా అథ్లెటిక్ పెద్దలకు మాటా రాలేదు.

ఒకటికి మించిన ఆటలు ఆడగల కుర్రాళ్ల కోసం అమెరికా కాలేజీలు నేటికీ పోటీ పడుతూనే ఉన్నాయి. అలాంటివారి విషయంలో ఏది తప్పు, ఏది ఒప్పు అనే వాదన కూడా ఆగలేదు. ఆ వాదన మూలాల్లోకి వెళ్లే ఎవరికైనా మొదట ఎదురయ్యే పేరు థోర్ప్‌ది.

ఓక్లహోమా నుంచి కార్లైల్‌కు

థోర్ప్ 1887 మే నెలలో, నేటి ఓక్లహోమా రాష్ట్రంలోని ప్రేగ్ పట్టణానికి దగ్గర్లో పుట్టాడు. అప్పుడది ఇంకా రాష్ట్రం కాలేదు. తూర్పు నుంచి తరిమేసిన ఆదివాసీ తెగలను తెచ్చి ఉంచిన ప్రాంతం. తండ్రి హైరమ్ సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు, తల్లి షార్లెట్ పొటవాటమీ తెగ మనిషి. ఇద్దరి రక్తంలోనూ యూరోపియన్ల పాలు కొంత ఉంది. తెగ భాషలో అతనికి పెట్టిన పేరు వాథోహుక్. వెలుగు పరుచుకున్న బాట అని దాని భావం.

చార్లీ అనే కవల సోదరుడు అతనికి తోడు. ఇద్దరూ కలిసే బడికి వెళ్లేవారు. తొమ్మిదేళ్లు నిండీ నిండకముందే చార్లీ జబ్బుపడి చనిపోయాడు. ఆ తర్వాత థోర్ప్ బడిలో నిలవలేకపోయాడు. పారిపోయి ఇంటికి వచ్చేవాడు, తండ్రి తిరిగి పంపేవాడు. ఇల్లు అందనంత దూరంలో ఉంటే పారిపోడని కాన్సస్‌లోని హాస్కెల్ ఆదివాసీ పాఠశాలలో చేర్పించాడు. అక్కడే అతను తొలిసారి ఫుట్‌బాల్ ఆట చూశాడు. కొన్నేళ్లకు తల్లి ప్రసవ సమయంలో కన్నుమూసింది. 1904లో థోర్ప్ పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ పారిశ్రామిక పాఠశాలకు చేరాడు. అదే ఏడాది తండ్రి కూడా పోయాడు. చిన్న వయసులోనే అనాథ అయ్యాడు.

కార్లైల్ మామూలు కాలేజీ కాదు. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక స్థావరంలో మొదలుపెట్టిన రెసిడెన్షియల్ పాఠశాల అది. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా చేసి, తెల్లవారి పద్ధతుల్లోకి మార్చాలన్నది ప్రాట్ సిద్ధాంతం. సగం పూట చదువు, సగం పూట వృత్తి పని. సెలవుల్లో పిల్లల్ని ఇంటికి పంపకుండా చుట్టుపక్కల తెల్లవారి పొలాల్లో, ఇళ్లలో పనికి పెట్టేవారు. థోర్ప్ కూడా అలా కొన్నేళ్లు పొలాల్లో పనిచేశాడు. పాఠశాల ఆవరణలో ఒక శ్మశానం ఉండేది. అక్కడే చనిపోయిన పిల్లల్ని అందులో పూడ్చేవారు.

ఇలాంటి వృత్తి విద్యా పాఠశాల హార్వర్డ్, పెన్సిల్వేనియా లాంటి విశ్వవిద్యాలయాలతో ఫుట్‌బాల్ ఆడేది, గెలిచేది కూడా. ఇది అమెరికన్ ఫుట్‌బాల్. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చిన వాళ్లను తోసుకుంటూ ముందుకు ఉరికే ఆట. ఆదివాసీలకూ తెల్లవారికీ మధ్య పోటీ అంటే చూడ్డానికి జనం ఎగబడేవారు. పెద్ద జట్లన్నీ కార్లైల్‌ను తమ మైదానాలకే పిలిచి, టికెట్ల వసూళ్లలో వాటా ఇచ్చేవి. ఆ డబ్బు పాఠశాల క్రీడా సంఘం ఖాతాలో చేరేది.

ఒక ఆట నుంచి ఇంకో ఆటకు

ఆ సంఘాన్ని నడిపిన మనిషి గ్లెన్ వార్నర్. అందరూ పాప్ వార్నర్ అనేవారు. కార్నెల్‌లో న్యాయశాస్త్రం చదివి కోచింగ్ వైపు మళ్లాడు. 1899 నుంచి 1903 వరకు కార్లైల్‌లో పనిచేసి, 1907లో తిరిగి వచ్చాడు. ఎత్తుగడల్లో అతన్ని మించిన కోచ్ ఆ కాలంలో అరుదు. 1905 సీజన్‌లో ఫుట్‌బాల్ మైదానాల్లో మరణాలు పెరగడంతో మరుసటి ఏడాది నిబంధనలు మార్చి, బంతిని ముందుకు విసరడానికి అనుమతించారు. బరువు తక్కువ, వేగం ఎక్కువ ఉన్న తన కుర్రాళ్లకు ఇది సరిగ్గా పనికొస్తుందని వార్నర్ ముందే పసిగట్టాడు.

1907లో ఒకరోజు థోర్ప్ మైదానం పక్కగా వెళ్తూ హై జంప్ సాధన చూశాడు. ఎవరూ దాటలేక వదిలేసిన 5 అడుగుల 9 అంగుళాల కర్రను ఒంటి మీది పని దుస్తులతోనే దాటేశాడు. ఈ సంగతి వార్నర్ చెవిన పడింది. వెంటనే అతన్ని ట్రాక్ జట్టులో చేర్చుకున్నాడు.

థోర్ప్‌కు అది చాలలేదు. ఫుట్‌బాల్ కూడా ఆడతానన్నాడు. వార్నర్ ఒప్పుకోలేదు. ట్రాక్‌లో ఇంత పనికొచ్చే కాళ్లు ఫుట్‌బాల్‌లో విరిగితే ఎలా అన్నది అతని భయం. ఒక కోచ్ కనిపెట్టిన ఆటగాడు రెండో ఆట మీద మనసు పడితే నేటికీ మొదటి కోచ్ నుంచి వినిపించే మాట ఇదే. కాకపోతే కార్లైల్‌లో రెండు జట్లకూ కోచ్ ఒకడే. అందుకే పేచీ తొందరగా తెగింది. విసిగిపోయిన వార్నర్ చివరికి బంతి చేతికిచ్చి, మిగతా ఆటగాళ్లకు అతన్ని పట్టుకుని పడగొట్టే సాధన చేయమన్నాడట. థోర్ప్ జట్టు మొత్తాన్నీ తప్పించుకుని అవతలి గీత దాటాడు. ఇంకోసారి ఆడించినా అదే జరిగింది. కార్లైల్ కథల్లో దీనికి కాస్త వన్నెలు దిద్ది ఉండొచ్చు. 1908 నాటికి అతను దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితాలోకి ఎక్కాడన్నది మాత్రం నిజం.

కార్లైల్‌లో ఆటగాళ్ల బతుకు మిగతా పిల్లల బతుకులా ఉండేది కాదు. వారికి వేరే వసతి, వేరే భోజనం. చదువు ముగిసే వయసు దాటినా ఉంచుకునేవారు. డబ్బు, కొత్త దుస్తులు, కోట్లు అందేవి. ఇవన్నీ క్రీడా సంఘం ఖాతా నుంచే వచ్చేవి. అంటే అమెచ్యూర్ అనే మాట కార్లైల్‌లో అప్పటికే పేరుకు మాత్రమే మిగిలింది.

నార్త్ కరోలినా వేసవులు

1909 వేసవిలో థోర్ప్ కార్లైల్ నుంచి వచ్చిన మరికొందరు కుర్రాళ్లతో కలిసి నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌కు వెళ్లాడు. ఈస్టర్న్ కరోలినా లీగ్ అనే చిన్న పోటీల్లో ఆ ఊరికి ఒక బేస్‌బాల్ జట్టు ఉంది. అతను బంతి విసిరాడు, బ్యాటింగ్ చేశాడు, దొరికిన స్థానంలో ఆడాడు. మరుసటి వేసవిలోనూ ఆ లీగ్‌లోనే ఆడాడు. చేతికొచ్చింది స్వల్పం. ఆటకు రెండు డాలర్లు మొదలుకొని వారానికి ముప్పై ఐదు డాలర్ల వరకు రకరకాల లెక్కలున్నాయి. ఏ లెక్క చూసినా పొలం పనికన్నా కాస్త మెరుగైన కూలి, అంతే.

ఇది అతనొక్కడే చేసిన పని కాదు. తూర్పు తీరంలోని కాలేజీ ఆటగాళ్లు ఎందరో సెలవుల్లో ఇలాంటి లీగుల్లో ఆడేవారు. తెలివైన వాళ్లు మారుపేరు పెట్టుకునేవారు. సెప్టెంబరులో తరగతి గదికి తిరిగొచ్చి అమెచ్యూర్లుగా మిగిలిపోయేవారు. కాలేజీలకు ఈ సంగతి తెలుసు. పేరు బయటపడనంతవరకు పట్టించుకునేవి కావు. థోర్ప్ మారుపేరు పెట్టుకోలేదు. స్కోరు కార్డుల్లో, స్థానిక పత్రికల్లో అతని సొంత పేరే ఉంది.

కార్లైల్‌కు ఈ వ్యవహారం తెలియదనుకోవడం కష్టం. వేసవి లీగులు తమ కుర్రాళ్లను లాక్కుంటున్నాయన్న చికాకుతోనే ఆ పాఠశాల 1910లో బేస్‌బాల్‌ను ఎత్తేసి, దాని స్థానంలో లాక్రోస్ పెట్టింది. తెలియని జబ్బుకు మందు వేసుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ రెండేళ్లలో థోర్ప్ చదువుకు దూరమయ్యాడు. 1911 వేసవిలో ఓక్లహోమాలో పాత సహచరుడు ఆల్బర్ట్ ఎక్సెండైన్ ఎదురుపడి, తిరిగి కార్లైల్‌కు పొమ్మని నచ్చజెప్పాడు. వార్నర్ తలుపులు తెరిచే ఉంచాడు. వస్తే మరుసటి ఏడాది ఒలింపిక్స్‌కు తర్ఫీదు ఇస్తానని ఆశ చూపాడు. రెండేళ్లు ఎక్కడున్నావు, ఏం చేశావు అని అడిగినట్టు ఎక్కడా కనిపించదు. ఫుట్‌బాల్ సీజన్ దగ్గర పడుతోంది, జట్టుకు అతను కావాలి.

హార్వర్డ్, స్టాక్‌హోమ్, వెస్ట్ పాయింట్

తిరిగి వచ్చిన ఏడాదే కార్లైల్ ఆడిన 12 ఆటల్లో 11 గెలిచింది. నవంబరు 11న హార్వర్డ్‌ను వాళ్ల సొంత మైదానంలోనే 18-15 తేడాతో ఓడించింది. కాలికి కట్టుతో ఆడిన థోర్ప్ ఆ రోజు నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు.

1912 జూలైలో స్టాక్‌హోమ్. పెంటాథ్లాన్‌లో ఐదు అంశాలు. లాంగ్ జంప్, 200 మీటర్ల పరుగు, డిస్కస్, 1500 మీటర్ల పరుగు నాలుగింటిలో అతనే మొదటివాడు. ఈటె విసరడంలో మాత్రం మూడో స్థానం. వారం తర్వాత మొదలైన డెకాథ్లాన్‌లో పది అంశాలు. అప్పటి లెక్క ప్రకారం 8,412 పాయింట్లు తెచ్చుకున్నాడు. రెండో స్థానంలో నిలిచిన స్వీడన్ ఆటగాడు హ్యూగో వీస్లాండర్ దాదాపు 700 పాయింట్లు వెనుకబడ్డాడు. అప్పటి ఒక ఫొటోలో థోర్ప్ కాళ్లకు జత కుదరని బూట్లు కనిపిస్తాయి. తన బూట్లు కనిపించకపోతే దొరికినవి తొడుక్కుని దిగాడన్నది ప్రచారంలో ఉన్న కథ. కార్లైల్ నుంచే వచ్చిన హోపీ తెగవాడు లూయిస్ టెవానిమా 10,000 మీటర్ల పరుగులో రజతం గెలిచాడు. ఒక చిన్న ఆదివాసీ పాఠశాల ఒకే ఒలింపిక్స్ నుంచి మూడు పతకాలు తెచ్చుకుంది. ఆ గెలుపు నాటికి అమెరికా ఆదివాసీలందరికీ ఇంకా పౌరసత్వం లేదు. ఆ చట్టం 1924లో వచ్చింది.

ఆ రెండు పోటీల్లోనూ థోర్ప్‌తో పాటు బరిలో దిగి, బాగా వెనుకబడిపోయిన మరో అమెరికన్ ఏవరీ బ్రండేజ్. ఈ పేరు ముందుముందు మళ్లీ వస్తుంది.

ఊరేగింపులు ముగిశాక థోర్ప్ మళ్లీ కార్లైల్ ఫుట్‌బాల్ జట్టులోకి వచ్చాడు. నవంబరు 9న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీతో ఆట. ఎదుటి జట్టులో రేపటి సైన్యాధికారులున్నారు. వారిలో ఒకడు డ్వైట్ ఐసెన్‌హోవర్, తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడు. వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా తెగ స్త్రీలను, పిల్లలను కూడా కాల్చి చంపి అప్పటికి 22 ఏళ్లే. ఆ పోటీ అర్థమేమిటో కార్లైల్ కుర్రాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 27-6 తేడాతో గెలిచారు. ఆ సీజన్‌లో థోర్ప్ ఒక్కడే 25 టచ్‌డౌన్లు చేశాడు. 1911, 1912 రెండేళ్లూ దేశంలోని ఉత్తమ కాలేజీ జట్టుకు అతని పేరు ఎంపికైంది.

ఒక్కడి మీదకు నెట్టిన తప్పు

ఇదంతా ముగిసిన రెండు నెలలకే వూస్టర్ పత్రికలో కథనం వచ్చింది. అమెరికా అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ కార్యదర్శి జేమ్స్ సల్లివాన్‌కు థోర్ప్ పేరుతో ఒక ఉత్తరం వెళ్లింది. డబ్బు తీసుకుని ఆడిన మాట నిజమేనని అందులో ఒప్పుకున్నాడు. తాను లోకం తెలియని ఆదివాసీ విద్యార్థినని, అది తప్పని తెలియక చేశానని, మిగతా కాలేజీ కుర్రాళ్లలా మారుపేరు పెట్టుకునే తెలివి లేకపోయిందని వివరణ ఇచ్చాడు. ఆ ఉత్తరం వెనుక వార్నర్ చెయ్యి ఉందని జీవిత చరిత్రకారుల్లో చాలామంది నమ్మకం. వార్నర్, పాఠశాల సూపరింటెండెంట్ మోజెస్ ఫ్రీడ్‌మన్ తమకేమీ తెలియదని ప్రకటించారు. సల్లివాన్ ఆ మాటను అంగీకరించి, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి క్షమాపణ చెప్పుకుని, పతకాలు వెనక్కి పంపే ఏర్పాటు చేశాడు.

ఆ ఉత్తరం అందరి పని సులువు చేసింది. ఆటగాడు అమాయకుడు, కాబట్టి మోసగాడు కాడు. సంస్థకు తెలియదు, కాబట్టి దోషి కాదు. అమెరికా తానే తప్పు సరిదిద్దుకుంది, కాబట్టి పరువు నిలబడింది. పతకాలు పోయింది మాత్రం ఒక్కడికే.

నిబంధనల పుస్తకం తెరిచి చూసిన వాళ్లు లేరు. స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ నియమాల ప్రకారం ఆటగాడి అమెచ్యూర్ హోదా మీద అభ్యంతరం ఏదైనా ఉంటే 30 రోజుల్లోపు చెప్పాలి. కథనం వచ్చింది ఆరు నెలలకు. థోర్ప్ తరఫున ఈ మాట అడిగే లాయరు లేడు, తల్లిదండ్రులు లేరు. లా చదివిన కోచ్ పక్కనే ఉన్నాడు, కానీ అతను తన తరఫున మాట్లాడుకుంటున్నాడు.

మరుసటి ఏడాది మరో తలుపు తెరుచుకుంది. ఒజిబ్వే తెగకు చెందిన ఆటగాడు గస్ వెల్చ్ చొరవతో కార్లైల్ విద్యార్థులు ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. 1914లో అమెరికా కాంగ్రెస్ సంయుక్త కమిషన్ పాఠశాలకు వచ్చి విచారణ జరిపింది. క్రీడా సంఘం ఖాతా నుంచి ఆటగాళ్లకు డబ్బు అందినట్టు, ఆ ఖాతా మీద సరైన అజమాయిషీ లేనట్టు బయటపడింది. వార్నర్ ప్రవర్తన మీద, నోటి దురుసు మీద ఆటగాళ్లే సాక్ష్యం చెప్పారు. ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. వార్నర్ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి కోచ్‌గా వెళ్లి అక్కడా విజయాలు మూటగట్టుకున్నాడు. పిల్లల ఫుట్‌బాల్ లీగులకు ఈ రోజుకీ అతని పేరే ఉంది. కార్లైల్ 1918లో మూతపడింది.

అమెచ్యూర్ నియమాన్ని ఖాతా పుస్తకాలు దగ్గర పెట్టుకుని చదివితే ఉల్లంఘన మొదలైంది రాకీ మౌంట్‌లో కాదు, కార్లైల్‌లోనే. కాలేజీ చేతుల మీదుగా వచ్చిన డబ్బు ఎవరికీ కనిపించలేదు. బయట, సొంత పేరుతో, సొంతంగా సంపాదించుకున్నది మాత్రం నేరమైంది.

అన్ని ఆటలూ వృత్తిగానే

అమెచ్యూర్ హోదా పోయాక థోర్ప్‌కు దాచుకోవాల్సినది లేదు. 1913లోనే న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టు అతన్ని తీసుకుంది. ఆ ఏడాది ఐవా మిల్లర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ శీతాకాలంలో జెయింట్స్, షికాగో వైట్ సాక్స్ జట్లు చేసిన ప్రపంచ యాత్రకు భార్యతో కలిసి వెళ్లాడు. జపాన్, ఆస్ట్రేలియాల మీదుగా వచ్చిన ఆ జట్లు కొలంబోలో కూడా ఒక ఆట ఆడాయి. విదేశాల్లో చాలాచోట్ల జనానికి తెలిసిన పేరు అతనిదొక్కటే.

బేస్‌బాల్‌లో అతను గొప్పవాడు కాలేకపోయాడు. 1919 వరకు మూడు పెద్ద జట్లకు 289 ఆటలు ఆడి .252 సగటుతో ముగించాడు. చివరి సీజన్‌లో బోస్టన్ తరఫున మాత్రం .327 కొట్టాడు. ఫుట్‌బాల్ సంగతి వేరు. 1915లో ఓహాయోలోని క్యాంటన్ బుల్‌డాగ్స్ అతనికి ఆటకు 250 డాలర్లిచ్చి పిలిచింది. వృత్తి ఫుట్‌బాల్‌కు విలువ లేని ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. అతని పేరు చూసి జనం వచ్చారు. కొన్నేళ్లపాటు వేసవిలో బేస్‌బాల్, చలికాలంలో ఫుట్‌బాల్. 1920లో జట్ల యజమానులు క్యాంటన్‌లోని ఒక కార్ల దుకాణంలో సమావేశమై సంఘం పెట్టుకున్నప్పుడు తొలి అధ్యక్షుడిగా అతన్నే ఎన్నుకున్నారు. ఆ సంఘమే రెండేళ్లకు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయింది.

1922, 1923ల్లో కుక్కల వ్యాపారి ఒకడు పెట్టిన ఊరాంగ్ ఇండియన్స్ అనే ఆదివాసీ జట్టును థోర్ప్ నడిపాడు. ఆట మధ్య విరామంలో ఆటగాళ్లు తెగ దుస్తులు వేసుకుని ప్రదర్శనలు ఇవ్వాలి. కార్లైల్ ఒంటి మీంచి తీయించిన వేషాన్నే ఇప్పుడు టికెట్టు కోసం వేయించారు. 1928లో, 41 ఏళ్ల వయసులో చివరి ఆట ఆడాడు.

చివరి రోజులు

ఆట ఆగిపోయాక చేతిలో ఏమీ మిగల్లేదు. ఆర్థిక మాంద్యం కాలంలో కాలిఫోర్నియాలో కూలి పనులు చేశాడు, మట్టి తవ్వాడు. హాలీవుడ్‌లో చిన్న చిన్న వేషాలు వేశాడు. ఆదివాసీ పాత్రలను ఆదివాసీలకే ఇవ్వాలని తోటివారి తరఫున పోట్లాడాడు. తాగుడు ఉంది, చేతిలో డబ్బు నిలవని గుణం ఉంది, మూడు పెళ్లిళ్లున్నాయి. తన జీవిత కథ హక్కులను 1931లో ఎంజీఎం సంస్థకు 1,500 డాలర్లకు అమ్ముకున్నాడు. 1951లో బర్ట్ లాంకాస్టర్ హీరోగా వార్నర్ బ్రదర్స్ ఆ సినిమా తీసింది.

1932లో లాస్ ఏంజెలస్‌లోనే ఒలింపిక్స్ జరిగితే టికెట్టు కొనుక్కునే స్థోమత అతనికి లేదు. సంగతి పత్రికల్లోకి ఎక్కింది. ఆదివాసీ మూలాలున్న ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ జరిపిన పోల్‌లో అర శతాబ్దపు అత్యుత్తమ క్రీడాకారుడిగా నిలిచాడు. మరుసటి ఏడాది పెదవి క్యాన్సర్‌కు ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆసుపత్రి ధర్మానికే చేయాల్సి వచ్చింది. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలోని లొమీటాలో, నివాసంగా మార్చుకున్న ట్రెయిలర్ బండిలో గుండెపోటుతో చనిపోయాడు.

పతకాల కోసం చేసిన విజ్ఞప్తులు ఏవీ అతను బతికుండగా ఫలించలేదు. 1952 నుంచి ఇరవై ఏళ్లపాటు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్ష పీఠంలో ఉన్నది స్టాక్‌హోమ్‌లో అతని వెనుక నిలిచిన ఏవరీ బ్రండేజ్. అమెచ్యూర్ సిద్ధాంతానికి అంతకన్నా కఠినమైన కాపలాదారు మరొకడు లేడు. ఆయన ఉన్నన్నాళ్లూ తలుపు తెరుచుకోలేదు.

నియమమే మారిపోయింది

అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 1974లో తన నిబంధన సవరించుకుంది. ఒక ఆటలో డబ్బు తీసుకున్న విద్యార్థి ఇంకో ఆటలో అమెచ్యూర్‌గా కొనసాగవచ్చు. స్టాన్‌ఫర్డ్ ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ ఎల్వే 1982 వేసవిలో న్యూయార్క్ యాంకీస్ వారి చిన్న జట్టుకు బేస్‌బాల్ ఆడి లక్ష డాలర్లకు పైగా తీసుకున్నాడు. సెప్టెంబరులో మళ్లీ కాలేజీ ఫుట్‌బాల్‌లోకి దిగాడు. కాలేజీ బేస్‌బాల్ మాత్రం ఇక ఆడకూడదు, అంతే. రాకీ మౌంట్‌లో థోర్ప్ చేసిందీ వేసవి బేస్‌బాలే. ఎవరూ ఎల్వేను తప్పుపట్టలేదు.

అదే 1982 అక్టోబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ థోర్ప్‌కు పతకాలు తిరిగి ఇవ్వాలని నిర్ణయించింది. అందుకు దారి తీసింది 30 రోజుల నియమమే. జీవిత చరిత్రకారుడు రాబర్ట్ వీలర్, అతని భార్య ఫ్లారెన్స్ రిడ్లన్ ఆ పుస్తకాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెతికి పట్టుకున్నారు. 1983 జనవరిలో నకలు పతకాలను థోర్ప్ పిల్లలకు అందించారు. అప్పుడు కూడా వీస్లాండర్, నార్వే ఆటగాడు ఫెర్డినాండ్ బీలతో కలిసి ఉమ్మడి విజేతగానే రాశారు. ఏకైక విజేతగా గుర్తించడానికి 2022 జూలై దాకా ఆగాల్సి వచ్చింది. స్వీడన్, నార్వే ఒలింపిక్ సంఘాలు అందుకు అభ్యంతరం చెప్పలేదు.

ఈలోగా కాలేజీలు రెండు ఆటల కుర్రాళ్లను చేర్చుకునే పద్ధతులకు చిక్కుముళ్లు చాలా పడ్డాయి. ఫుట్‌బాల్ జట్టుకు 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉన్న రోజుల్లో, ఒక కుర్రాడిని ట్రాక్ ఖాతాలో చేర్చి ఫుట్‌బాల్ ఆడించే ఎత్తులు వేయకుండా ఎన్‌సీఏఏ ఒక నియమం పెట్టింది. ఆర్థిక సాయం పొందుతూ ఫుట్‌బాల్ కూడా ఆడితే అతన్ని ఫుట్‌బాల్ లెక్కలోనే వేయాలి. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకున్నందుకు ప్రకటనదారుల దగ్గర డబ్బు తీసుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించే వీలు వచ్చింది. వందేళ్ల కిందట కార్లైల్ చాటుగా చేసిన పని ఇప్పుడు ఒప్పంద పత్రాల మీద జరుగుతోంది. రెండో ఆట వల్ల గాయమైతే ఎవరి బాధ్యత, ఏ కోచ్ మాట చెల్లుతుంది అన్నవి ఆ పత్రాల మీద సంతకం పెట్టే కుర్రాడు ముందుగా అడిగి తెలుసుకోగలడు. థోర్ప్‌కు ఆ అవకాశం కూడా లేదు.

అతని భౌతికకాయం సంగతి ఇంకా తేలలేదనే చెప్పాలి. ఓక్లహోమాలో తెగ ఆచారం ప్రకారం కర్మకాండ జరుగుతుండగానే మూడో భార్య ప్యాట్రీషియా శవపేటికను తీసుకెళ్లిపోయింది. పర్యాటకుల కోసం ఎదురుచూస్తున్న పెన్సిల్వేనియాలోని రెండు చిన్న పట్టణాలు ఒక్కటై, 1954లో జిమ్ థోర్ప్ అని పేరు మార్చుకుని, అతనికి సమాధి కట్టాయి. ఆ ఊరితో బతికుండగా అతనికి ఏ సంబంధమూ లేదు. తండ్రిని సొంత నేలకు తెచ్చుకోవాలని కొడుకులు 2010లో కోర్టుకెక్కారు. కింది కోర్టులో గెలిచారు, అప్పీలు కోర్టులో ఓడారు. 2015లో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించలేదు. చిన్న వయసులో చదువు పేరుతో తీసుకొచ్చిన రాష్ట్రంలోనే థోర్ప్ ఇప్పటికీ ఉన్నాడు.